ఎవరి కోసం ఈ అంచనా?

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, వాళ్ల తల్లులు, మన సంఘాలు

(మహిళా సంఘాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల సిబ్బంది పాల్గొన్న ఒక శిక్షణా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని అంచనా వేయడం గురించి, వాళ్ల కోసం ప్రణాళిక తయారుచేయడం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఇది డాక్టర్లూ, సైకాలజిస్టులూ, స్పెషల్ టీచర్లూ చూసుకోవలసిన పని కదా, మనకేం సంబంధం అని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. నేను డాక్టర్‌ని కాదు. సోషియాలజీ చదువుకున్నదాన్ని. ఆడవాళ్ల ఇంటి చాకిరీ గురించి, దానికి లెక్కాజమా లేకపోవడం గురించి సమాచారం సేకరిస్తూ ఊళ్లు తిరిగినప్పుడు ఈ విషయం నాకు మళ్లీ మళ్లీ ఎదురైంది. రోజులో ఏ గంటకి ఏం పని చేస్తావని అడిగితే, కొందరు ఆడవాళ్లు చెప్పే లెక్క మిగతావాళ్ల లెక్కలా ఉండేది కాదు. పన్నెండేళ్ల కొడుక్కి అన్నం తినిపించడం, పదిహేనేళ్ల కూతుర్ని బయటికి తీసుకెళ్లి తీసుకురావడం, రాత్రి ఫిట్స్ వస్తాయేమోనని మెలకువగా ఉండటం. దీన్ని ఏ పద్దు కింద రాసుకోవాలో మా ప్రశ్నాపత్రంలో లేదు.

కాబట్టి మొదట మనకున్న సంబంధం గురించి చెప్పి, తర్వాత అంచనాలు ఇప్పుడెలా జరుగుతున్నాయో, ఎలా జరగాలో మాట్లాడతాను.

తల్లి మీద మోపిన నింద

పుట్టిన బిడ్డలో ఏదైనా తేడా కనిపిస్తే మన సమాజం మొదట వేలు చూపేది తల్లి వైపు. మన భాషలోనే ఆ నింద ఉంది. పెదవి చీలి పుట్టిన బిడ్డకి 'గ్రహణం మొర్రి' అని పేరు పెట్టాం. అంటే గ్రహణం రోజు తల్లి బయటికొచ్చింది, చేయకూడని పని చేసింది అని ఆరోపణ ఆ పేరులోనే ఉంది. మేనరికం విషయంలోనూ అంతే. మేనరికం చేసుకున్నవాళ్లు ఇద్దరు, చేయించినవాళ్లు పెద్దలు. పిల్లవాడికి వినపడదని తేలాక పుట్టింటికి పంపేది మాత్రం కోడల్ని. మొగుడు ఇంకో పెళ్లి చేసుకుంటే ఊరు దాన్ని తప్పుగా కూడా చూడదు.

ఆ తర్వాత తిరుగుడు మొదలవుతుంది. పీహెచ్‌సీ, జిల్లా ఆసుపత్రి, హైదరాబాదో విశాఖపట్నమో కర్నూలో పెద్దాసుపత్రి, మధ్యలో దర్గా, గుడి, నాటుమందు. పిల్లని చంకనేసుకుని తిరిగేది తల్లే. పోయిన కూలీ ఆమెది. సదరం క్యాంపులో పొద్దుటినుంచి లైనులో నిలబడేదీ ఆమే. ఇంత తిరిగాక ఆమె చేతిలో పడేది ఒక కాగితం. దాని మీద ఒక శాతం. 45, 60, 75. ఆ శాతం ఏమిటో, బిడ్డకి రేపటి నుంచి ఏం చెయ్యాలో ఆ కాగితం చెప్పదు. పింఛను వస్తుందో రాదో మాత్రం చెబుతుంది.

నేను పింఛనుని తక్కువ చెయ్యడం లేదు. ఆ డబ్బు లేకపోతే గడవని ఇళ్లు చాలా ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సదరం కంప్యూటర్ పద్ధతి పెట్టినప్పుడు ఒక్కో డాక్టరు ఒక్కో శాతం రాయడం, దళారుల బెడద తగ్గుతాయని ఆశించారు. ఆ ఉద్దేశం మంచిదే. కానీ పింఛను ఇవ్వడానికి చేసే కొలత వేరు, పిల్లకి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, బడిలో ఏం మార్చాలి అని తెలుసుకునే అంచనా వేరు. మన దగ్గర మొదటిది జరిగితే రెండోది కూడా అయిపోయిందనుకుంటున్నారు.

కొలతల చరిత్ర

పిల్లల తెలివిని కొలిచే పరీక్షల చరిత్రని ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. 1905లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే మొదటి పరీక్ష తయారుచేసింది, బడిలో ఎవరికి అదనంగా సాయం కావాలో గుర్తించడానికి. అది అమెరికా చేరాక అక్కడి సైకాలజిస్టులు దాన్ని పుట్టుకతో వచ్చిన, మారని గుణాన్ని కొలిచే సాధనంగా మార్చేశారు. సాయం కోసం పుట్టిన పరీక్ష పిల్లల్ని వేరుచేసే పరీక్ష అయింది. కాలిఫోర్నియాలో నల్లజాతి పిల్లల్ని ఈ పరీక్షల ఆధారంగా పెద్ద సంఖ్యలో మందబుద్ధి తరగతుల్లోకి తోసేస్తున్నారని తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. ల్యారీ పి. కేసు అంటారు దాన్ని. ఆ పరీక్షలు నల్లజాతి పిల్లల పట్ల పక్షపాతంతో ఉన్నాయని 1979లో కోర్టు తీర్పు చెప్పింది.

ఇది అమెరికా సంగతి అని పక్కన పెట్టలేం. ఇంట్లో కోయ, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లని తెలుగులో ప్రశ్నలడిగి, జవాబు రాకపోతే 'సూచనలు అర్థం చేసుకోలేదు' అని రాసే పద్ధతి మన దగ్గరా ఉంది. ఎప్పుడూ చూడని బొమ్మలు చూపించి పేర్లు చెప్పమనడం, తెల్లకోటు చూస్తేనే ఏడ్చే పిల్లని పది నిమిషాల్లో తేల్చేయడం ఉంది. పరీక్ష పెట్టేవాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. ఒక రోజులో వంద మందిని చూడమని పంపితే ఎవరైనా అలాగే చేస్తారు. తప్పు ఆ ఏర్పాటులో ఉంది.

నేను కలిసిన ఒక తండా పాప సంగతి చెబుతాను. పదకొండేళ్లుంటాయి. నాలుగైదు మాటలకి మించి మాట్లాడదు. అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. ఆమె కాగితంలో తెలివి తక్కువ అని, సూచనలు పాటించదని, అంకెలు తెలియవని ఉంది. ఆ ఇంట్లో మూడు రోజులు కూర్చుంటే నాకు కనిపించింది వేరు. మేకల్లో ఏది తమదో, ఏది పక్కింటిదో ఆమెకి తెలుసు. ఒకటి తగ్గితే వెనక్కి వెళ్లి వెతుక్కొస్తుంది. తమ్ముడు ఏడిస్తే ఆకలి ఏడుపో నిద్ర ఏడుపో గుర్తుపట్టి తల్లి చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. లంబాడీలో ఒక పని చెబితే చేస్తుంది. వరుసగా రెండు చెబితే రెండోది మరిచిపోతుంది. చేతితో చూపించి చెబితే రెండూ చేస్తుంది.

దీన్నంతా 'ఆమెకి ఏ లోటూ లేదు, అందరిలాంటిదే' అనడానికి చెప్పడం లేదు. ఆమెకి సాయం కావాలి, చాలా కావాలి. డబ్బు గుర్తుపట్టదు. నొప్పి ఎక్కడుందో చెప్పలేదు. కానీ చేతితో చూపించి చెబితే రెండు పనులు గుర్తుంటాయనే ఒక్క వాక్యం టీచరుకి ఎంత పనికొస్తుందో ఆలోచించండి. శాతం అంకె ఆ పనికి రాదు. ఇంకో విషయం. ఆమెకి బడికి వెళ్లాలని ఉంది. అక్క బడికి బయలుదేరినప్పుడల్లా అక్క సంచి భుజాన వేసుకుని వాకిట్లో నిలబడుతుంది. నోటితో చెప్పలేదు కాబట్టి ఆమెని ఎవరూ అడగలేదు. బడివాళ్ల భయమల్లా ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలని. ఫిట్స్ వచ్చినప్పుడు పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టక్కర్లేదు, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ నాలుగు మాటలు చెప్పడానికి అరగంట చాలు. ఆ అరగంట ఎవరూ వెచ్చించక ఆ పాప రెండేళ్లు ఇంట్లో ఉండిపోయింది.

పిల్ల కేంద్రంగా అంటే

'పిల్ల కేంద్రంగా' అనే మాట ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు కాగితంలోనూ కనిపిస్తోంది. దానికి అర్థం ఏమిటో కొంచెం విడమరచి చెప్పుకుందాం.

మొదటిది, ఎక్కడ చూస్తున్నాం. పిల్ల తన ఇంట్లో, అంగన్‌వాడీలో, బడిలో, ఆడుకునే చోట ఎలా ఉంటుందో చూడాలి. ఒక్కసారి చూస్తే సరిపోదు. పొద్దున చురుగ్గా ఉన్న పిల్ల మందు వేసుకున్నాక మధ్యాహ్నం మత్తుగా ఉండొచ్చు.

రెండోది, ఎవర్ని అడుగుతున్నాం. తల్లి చెప్పేదాన్ని 'తల్లి ప్రేమతో ఎక్కువ చెబుతుంది' అని కొట్టేయడం అలవాటు. పిల్లని రోజంతా చూసేది ఆమె. ఆమె చెప్పింది సమాచారమే. తండ్రినీ అడగాలి. తోబుట్టువులకి, తోటి పిల్లలకి పెద్దలకి తెలియని సంగతులు తెలుస్తాయి.

మూడోది, పిల్లని అడుగుతున్నామా. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, పిల్లలకి తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు ఉందంటుంది. మన దేశం 1992లో దాన్ని అంగీకరించింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 4వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది. వైకల్యం ఉన్న పిల్లలు తమకు సంబంధించిన అన్ని విషయాల్లో ఇతర పిల్లలతో సమానంగా అభిప్రాయం చెప్పేలా చూడాలని, వయసుకీ వైకల్యానికీ తగిన సాయం ఇవ్వాలని అంటుంది. మాట రాని పిల్లని ఎలా అడగాలంటారా? రెండు వస్తువులు చూపించి ఏది కావాలో చూపించమనవచ్చు. బొమ్మలు వాడొచ్చు. చూపు ఎటు పోతోందో, దేనికి నవ్వుతోందో, దేనికి ముఖం తిప్పుకుంటోందో గమనించవచ్చు. తల్లులు రోజూ చేస్తున్నది ఇదే.

నాలుగోది, ఏం రాస్తున్నాం. 'చేయలేదు' అని రాసి ఆగిపోతే లాభం లేదు. సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పుడు దాని పేరు నీపిడ్, తయారుచేసిన ఎఫ్ఏసీపీ అనే జాబితాని మీలో కొందరు వాడి ఉంటారు. తినడం, బట్టలు వేసుకోవడం, నలుగురితో మెలగడం, చదువు, పని, ఆట ఇలా రోజువారీ జీవితం చుట్టూ ఉంటుంది అది. పిల్ల తనంతట తాను చేస్తుందా, గుర్తు చేస్తే చేస్తుందా, మాటతో చెబితే చేస్తుందా, చెయ్యి పట్టుకుని చేయిస్తే చేస్తుందా అని రాసుకునే వీలుంది దానిలో. అంతకుముందు మద్రాసులో తయారైన ఎండీపీఎస్ అనే పద్ధతి 18 విభాగాల్లో 360 అంశాలతో ఉంటుంది. అంటే మంచి సాధనాలు మన దగ్గర లేక కాదు. మన ఊళ్ల మధ్యే పుట్టిన సాధనాలున్నాయి. వాటిని నింపే టైము, మనిషి లేరు.

అయిదోది, పిల్ల చుట్టూ ఉన్నదాన్ని కూడా అంచనా వేస్తున్నామా. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైకల్యాన్ని చూసే తీరునే మార్చింది. శరీరంలో లోపం ఒక్కటే లెక్క కాదని, మనిషి ఏం చేయగలుగుతోంది, దేనిలో పాల్గొనగలుగుతోంది, చుట్టూ ఉన్న పరిస్థితులు ఎక్కడ అడ్డుపడుతున్నాయి అన్నవి కూడా చూడాలని చెప్పింది. మనకి ఇది కొత్త సంగతేం కాదు. ఆడపిల్ల చదువు మానేస్తే ఆమెకి చదువు రాదని మనం అనం. బడి ఎంత దూరం, బస్సుందా, మరుగుదొడ్డి ఉందా, తమ్ముణ్ణి ఎవరు చూస్తున్నారు అని అడుగుతాం. వైకల్యం ఉన్న పిల్ల విషయంలోనూ అవే ప్రశ్నలు అడగాలి.

ఇక ప్రణాళిక. అమెరికాలో 1975 చట్టం ప్రతి పిల్లకీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉండాలని, దాని తయారీలో తల్లిదండ్రులు ఉండాలని చెప్పింది. మన దగ్గర సమగ్ర శిక్ష కింద పనిచేసే ఐఈఆర్‌పీలు, భవిత కేంద్రాల టీచర్లు ఇలాంటి ప్రణాళికలు రాస్తున్నారు. మేం కొన్ని చదివాం. ఊరు మారినా, పిల్ల మారినా లక్ష్యాలు మారలేదు: రంగులు గుర్తించడం, 1 నుంచి 10 వరకు చెప్పడం, శరీర భాగాల పేర్లు. పదమూడేళ్ల అమ్మాయికీ, ఆరేళ్ల అబ్బాయికీ అవే. రాసినవాళ్లని నిందించి లాభం లేదు. ఒక్కొక్కరి మీద ఒక మండలం బరువుంది. వాళ్లలో చాలామంది చాలీచాలని జీతానికి ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లు. ప్రాథమిక స్థాయిలో వైకల్యం ఉన్న 10 మంది పిల్లలకి, పై స్థాయిలో 15 మందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టులు మంజూరు చేయమని 2025లో రాష్ట్రాలని మళ్లీ ఆదేశించవలసి వచ్చింది.

మంచి ప్రణాళికలో ఎక్కువ లక్ష్యాలుండవు. రెండో మూడో ఉంటాయి. అవి పిల్ల రోజువారీ జీవితంలోంచి వస్తాయి. ఎవరు చేస్తారు, ఎప్పుడు, ఎక్కడ అని ఉంటుంది. మూడు నెలల తర్వాత కూర్చుని చూసుకునే తేదీ ఉంటుంది. పని జరగకపోతే ముందుగా ప్రణాళికనీ, మన పద్ధతినీ ప్రశ్నించాలి. 'ఈ పిల్లకి రాదు' అని కొట్టేయకూడదు. ఇదంతా తల్లికి అర్థమయ్యే భాషలో రాసి, ఒక కాపీ ఆమె దగ్గర ఉంచాలి.

'బాధ్యులు' అనే గడి

ఇప్పుడు మనం జాగ్రత్తగా చూడవలసిన చోటుకి వచ్చాం. ఆ ప్రణాళికల్లో 'బాధ్యులు' అని ఒక గడి ఉంటుంది. మేం చదివినవాటిలో ఆ గడిలో దాదాపు ప్రతి వరుసలోనూ ఒకే మాట: తల్లి. వ్యాయామం చేయించేది తల్లి. మాటలు నేర్పేది తల్లి. బొమ్మల కార్డులు తయారుచేసేది తల్లి. భవిత కేంద్రానికి తీసుకొచ్చి తీసుకెళ్లేది తల్లి. పిల్ల కేంద్రంగా ఆలోచించడం పేరుతో ప్రభుత్వం చెయ్యవలసిన పని, బడి చెయ్యవలసిన పని, తండ్రి చెయ్యవలసిన పని అన్నీ తీసుకొచ్చి ఒక మనిషి నెత్తిన పెట్టడం జరుగుతోంది. చెయ్యలేకపోతే 'తల్లి శ్రద్ధ చూపడం లేదు' అని రిపోర్టులో రాస్తారు. ఆమె పత్తి ఏరడానికి వెళ్లిందని, ఉపాధి హామీ పనికి వెళ్లిందని రాయరు.

ఇంటి దగ్గర చదువు సంగతీ ఇంతే. తీవ్రమైన వైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్న పిల్లలకి ఇంటి దగ్గర చదువుకునే వీలుని 2012 సవరణతో విద్యాహక్కు చట్టంలో చేర్చారు. అది పిల్లకీ కుటుంబానికీ ఇచ్చిన హక్కు. కావాలంటే ఎంచుకోవచ్చు. ఆచరణలో 'మీ పిల్లకి ఇంటి దగ్గర చదువు రాశాం' అని బడే తేల్చేస్తోంది. ఐఈఆర్‌పీ ఎప్పుడో ఒకసారి వచ్చి వెళుతుంది. మిగతా రోజులన్నీ ఇల్లంటే తల్లే. అక్క ఉంటే అక్క బడి మానుకుంటుంది.

అయితే ఇక్కడ మనం తల్లి పక్షాన నిలబడి పిల్లని మరిచిపోకూడదు. తల్లి ప్రయోజనం, పిల్ల ప్రయోజనం ఎప్పుడూ ఒకటి కావు. అలిసిపోయిన తల్లి పిల్లని హాస్టల్లో వేసేయాలనుకోవచ్చు. పిల్లకి అది ఇష్టం లేకపోవచ్చు. ఇద్దరి మాటా విడివిడిగా వినాలి. ఇద్దరినీ ఒకరికొకరు పోటీగా నిలబెట్టిన పరిస్థితిని మార్చాలి. తల్లికి వారానికి ఒక రోజైనా విరామం దొరికే ఏర్పాటు ప్రణాళికలో ఒక అంశంగా ఉండాలని నేనంటాను. అది దయ కింద రాకూడదు.

ఆడపిల్లలు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2 కోట్ల 68 లక్షల మంది. అందులో మగవాళ్లు దాదాపు కోటిన్నర, ఆడవాళ్లు కోటీ 18 లక్షలు. ఆడవాళ్లకి వైకల్యం తక్కువ వస్తుందని దీనికి అర్థం చెప్పుకోవాలా? లెక్కకొచ్చినవాళ్లకి తలుపు తీసి, పెళ్లి కావలసిన పిల్ల సంగతి చెప్పకుండా దాచిన ఇళ్లు మీకూ తెలుసు. చికిత్స దాకా చేరని ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వైకల్యం ఉన్న పిల్లల్లో 5 నుంచి 19 ఏళ్ల లోపువాళ్లలో నాలుగో వంతు ఏ విద్యాసంస్థకీ వెళ్లడం లేదని 2019లో యునెస్కో మన దేశం మీద వేసిన నివేదిక చెప్పింది. వాళ్లని వెతకడం మొదలుపెడితే ఇళ్లలో ఉండిపోయిన ఆడపిల్లల దగ్గరికే మనం ఎక్కువగా చేరతాం.

అంచనా కాగితాల్లో పదకొండు, పన్నెండేళ్ల అమ్మాయిల శరీరం గురించి ఒక్క మాట ఉండదు. బహిష్టు రాబోతోందని ఆమెకి ఎవరు చెబుతారు, గుడ్డ మార్చుకోవడం ఎలా నేర్పుతారు, ఎవరైనా ముట్టుకోకూడని చోట ముట్టుకుంటే ఎలా చెబుతుంది అన్నవి ఆ కాగితాల్లో సాధారణంగా కనిపించవు. దీని పర్యవసానం ఏమిటో మహిళా ఉద్యమం 1994లో చూసింది. మహారాష్ట్రలో శిరూర్‌లోని ప్రభుత్వ వసతిగృహంలో ఉన్న, మానసిక ఎదుగుదల తక్కువున్న ఆడవాళ్లలో కొందరికి పుణెలో గర్భసంచులు తీసేశారు. బహిష్టు సమయంలో శుభ్రత పాటించలేరని కారణం చెప్పారు. మహిళా సంఘాలు అడ్డం తిరిగాయి. నేర్పడానికి మనుషుల్ని పెట్టకుండా అవయవాన్ని తీసేయడం ప్రణాళిక అయిపోయింది అక్కడ. ఆ ఆడవాళ్లకి ఏం కావాలని ఎవరూ అడగలేదు.

ఇప్పటికీ కొందరు తల్లులు మనల్ని ఆపరేషన్ గురించి అడుగుతారు. వాళ్లని కసురుకోకండి. వాళ్ల భయం బహిష్టు గురించి కాదు. ఎవడైనా చెరిస్తే, కడుపొస్తే అన్న భయం అది. గర్భసంచి తీసినంత మాత్రాన అత్యాచారం ఆగదు, బయటపడకుండా ఉంటుంది అంతే. ఈ మాట తల్లులతో కూర్చుని నెమ్మదిగా చెప్పాలి. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో, చండీగఢ్‌లోని ప్రభుత్వ సంస్థలో అత్యాచారానికి గురై గర్భం వచ్చిన ఒక మహిళ విషయంలో, ఆమెకి స్వల్పంగా మానసిక ఎదుగుదల లోపం ఉన్నా, ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దయ్యాక ఆమె మాటకి కోర్టు విలువ ఇస్తుంది సరే. తన ఇష్టాన్ని చెప్పడం, వద్దనడం చిన్నప్పటి నుంచీ నేర్పితే కదా ఆ మాట బయటికొచ్చేది. అన్నం ముద్ద వద్దని ముఖం తిప్పుకున్న పిల్ల నోట్లో బలవంతాన కుక్కడం మానడం దగ్గరే అది మొదలవుతుంది.

మనం చెయ్యగలిగినవి

చట్టం గురించి మీ చేతిలో ఉండవలసిన కొన్ని సంగతులు చెబుతాను. 1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం 21 రకాల్ని గుర్తించింది. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు ఇందులోకొచ్చాయి. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా, దగ్గరి బడిలో గానీ వాళ్లు ఎంచుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కు. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది 16వ సెక్షన్. బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్ల అవసరాన్ని బట్టి ఏర్పాట్లు చెయ్యాలి, విడిగా కావలసిన సాయం ఇవ్వాలి, ప్రతి పిల్ల ఎంతవరకు వచ్చిందో చూస్తూ ఉండాలి అని అది చెబుతుంది. దీనికి 40 శాతం షరతు లేదు. 'సర్టిఫికెట్లో 35 వచ్చింది, మేమేం చెయ్యలేం' అని హెడ్మాస్టరు అంటే ఈ సెక్షన్ చూపించండి. అక్కడ పని కాకపోతే మండల విద్యాధికారికి, అక్కడా కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యవచ్చు.

సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాలున్న పిల్ల ఒక్కరికి ఏడాదికి 3,500 రూపాయల కేటాయింపు ఉంది. ఆడపిల్లలకి నెలకి 200 రూపాయల చొప్పున పది నెలలు స్టయిపెండు ఉంది. మీ మండలంలో ఎంతమందికి అందుతోందో సమాచార హక్కు కింద అడగండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే కింద అంగన్‌వాడీలకి, ప్రభుత్వ బడులకి వైద్య బృందాలు వస్తాయి. వాళ్లు గుర్తించిన పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడికి చేరనివాళ్లు ఎవరు, ఎందుకు చేరలేదు అన్న జాబితా అంగన్‌వాడీ టీచరుతో, ఆశా కార్యకర్తతో కలిసి మనం తయారుచేయవచ్చు. 2022 నుంచి టీచర్లు ఫోన్లో నింపే 'ప్రశస్త్' జాబితా కూడా ఉంది. అది అనుమానం ఉన్న పిల్లల్ని గుర్తించడానికే. దాన్ని పట్టుకుని పిల్లకి ఒక పేరు తగిలించేయకుండా చూడాలి.

ఇక మన సంఘాల లోపల పని. మీ ఊళ్లో ఇలాంటి పిల్లలున్న తల్లులు పొదుపు సంఘం మీటింగులకి ఎందుకు రావడం లేదో ఎప్పుడైనా అడిగారా? పిల్లని ఎక్కడ ఉంచాలో తెలియక రారు. వచ్చినా పిల్ల అరుస్తుందని సిగ్గుపడి వెళ్లిపోతారు. పిల్లతో సహా రమ్మని చెప్పండి. అరిస్తే అరవనివ్వండి. అలాంటి అయిదారుగురు తల్లులు ఒకచోట కూర్చుంటే, తమ పిల్లల గురించి తమకి ఎంత తెలుసో వాళ్లకే తెలిసొస్తుంది. ఆ తెలిసిందంతా ఒక నోటు పుస్తకంలో రాయండి: పిల్లకి ఇష్టమైనవి, భయమైనవి, తనంతట తాను చేసేవి, సాయంతో చేసేవి, ఎలాంటి సాయం కావాలి, ఫిట్స్ ఎప్పుడొచ్చాయి, ఏ మందు పడలేదు. రాయడం రాకపోతే చదువుకున్న పిల్లలు రాసిపెడతారు. తర్వాతి క్యాంపుకి తల్లి ఈ పుస్తకంతో వెళుతుంది. పది నిమిషాల పరీక్షలో తేలని విషయాలు డాక్టరు ముందు పెడుతుంది. ప్రణాళిక రాసేటప్పుడు 'బాధ్యులు' గడిలో మొదట బడి పేరు, తర్వాత తండ్రి పేరు రాయించండి. తేదీ వేయించండి. కాపీ అడగండి. మూడు నెలలకి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ఏమైందని అడగండి. ఒంటరిగా వెళ్లిన తల్లిని బయట కూర్చోబెడతారు. నలుగురితో వెళ్లిన తల్లికి కుర్చీ వేస్తారు.

చివరిగా ఒక మాట. మనం ఇన్నేళ్లుగా ఆడవాళ్ల తరఫున ఎవరో మాట్లాడటాన్ని వ్యతిరేకించాం. మా సంగతి మేమే చెప్పుకుంటామన్నాం. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఇప్పుడు మాట్లాడుతున్నది డాక్టర్లూ, టీచర్లూ, తల్లులూ, నాబోటి పరిశోధకులూ. వైకల్యం ఉన్న ఆడవాళ్లు ఎదిగి, సంఘాలు పెట్టుకుని, ఇలాంటి సదస్సుల్లో మాట్లాడుతున్నారు. వచ్చే శిక్షణలో ఈ అంశం మీద మాట్లాడటానికి వాళ్లని పిలవండి. చిన్నప్పుడు తమని ఎలా పరీక్షించారో, ఏం రాశారో, ఏం రాయవలసిందో వాళ్లు చెబుతారు. మీ మీ మండలాలకి తిరిగి వెళ్లాక ఒక్కొక్కరు ఒక్క పిల్ల ప్రణాళిక కాగితం అడిగి తెచ్చి చదవండి. అది ఆ పిల్లదేనా, ఏ పిల్లకైనా సరిపోయేదా చూడండి. మళ్లీ కలిసినప్పుడు ఆ కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.